గోడకి ఒక్క ఎల్పీయే తగిలించాలంటే ఏది? పాత పెయింటింగులున్న రాక్ అట్టల మీద నా లెక్క

పాత పెయింటింగుల్ని అట్ట మీద వేసుకున్న రాక్ బ్యాండ్ల ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, చాలా ఉన్నాయి. వాటిల్లో ఏ అట్టకి ఫ్రేము కట్టి గోడకి తగిలించాలో తొందరలో ఉన్నవాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. హాల్లో అందరికీ కనబడేలా పెట్టుకోవాలంటే న్యూ ఆర్డర్ వాళ్ళ 'పవర్, కరప్షన్ అండ్ లైస్' తీసుకోండి. అట్ట దగ్గర నిలబడి గంటలకొద్దీ చూసే రకమైతే ఫ్లీట్ ఫాక్సెస్ మొదటి ఆల్బమ్. చిన్న గది, రాత్రిపూట ఒక్క లైటు, కాస్త దిగులు ఇష్టం అంటే వీజర్ 'పింకర్టన్'. ఇక కోల్డ్‌ప్లే 'వివా లా విడా' కొందామని వచ్చినవాళ్ళు మాత్రం కాస్త ఆగి మిగతాది కూడా చదవండి, తర్వాత మీ ఇష్టం.

మా హాల్లో టీవీ పక్కన ఒకే ఒక్క ఫ్రేముకి చోటుంది. మిగతా గోడంతా దేవుడి క్యాలెండరు, పెళ్ళి ఫోటో, గడియారం, ఇవేవీ కదిలేవి కావు. ఆ ఒక్క మేకు మీద రెండేళ్ళలో అరడజను అట్టలు మార్చాను, ప్రతిసారీ ఇంట్లో ఒక చర్చ, ప్రతిసారీ నాకో కొత్త పాఠం. చివరికి అర్థమైందేంటంటే, పెయింటింగ్ ఎంత గొప్పది, పాటలు ఎంత బావున్నాయి అన్నవి ఒక ఎత్తు, ఆ పెయింటింగ్ అసలు సైజు ఎంత అన్నది ఒక ఎత్తు. ఎవరూ పట్టించుకోరు గానీ, నాకు మాత్రం మొదట అడగాల్సిన ప్రశ్న అదే అనిపిస్తుంది.

ఎల్పీ అట్ట పన్నెండు అంగుళాల పైచిలుకు, అంటే సుమారు 31 సెంటీమీటర్ల చదరం. పాత పెయింటింగులు చదరంగా ఉండటం అరుదు, ఎక్కువ అడ్డంగా పొడుగ్గా ఉంటాయి, కాబట్టి అట్ట మీదకి తేవాలంటే ఒకటి కుదించాలి, రెండు పక్కలు కోయాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో వేసిన 'మెడూసా తెప్ప' ఉంది కదా, 1819 నాటిది, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది, దాని కొలత 491 × 716 సెంటీమీటర్లు. మన ఫ్లాట్లలో ఏ గోడా దానికి చాలదు. అట్ట మీదకి వచ్చేసరికి అది దాదాపు పదహారో వంతు అవుతుంది, అందులో మనిషి ముఖం కందిగింజంత. అదే న్యూ ఆర్డర్ అట్ట మీదున్న బొమ్మ, ఫ్రెంచ్ చిత్రకారుడు ఫాంటాన్-లాటూర్ వేసిన 'గులాబీల బుట్ట', 48.9 × 60.3 సెంటీమీటర్లే. ఎల్పీ మీద అది పెద్దగా నష్టపోయేది ఏమీ లేదు.

అందుకని నేను పెట్టుకున్న లెక్క: చిన్న పెయింటింగ్ అయితే మొత్తంగా పెట్టిన అట్ట కొనండి, పెద్ద పెయింటింగ్ అయితే అందులోంచి ఒక ముక్కని ధైర్యంగా కోసి పెట్టిన అట్ట కొనండి. పెద్దదాన్ని పెద్దదిగానే చిన్న అట్టలో కుక్కేస్తే పోస్టల్ స్టాంపు చూసినట్టు ఉంటుంది.

ఇప్పుడు కోల్డ్‌ప్లే సంగతి. 2008లో వచ్చింది, అట్ట మీద ఫ్రెంచ్ చిత్రకారుడు దెలాక్రువా 'ప్రజలను నడిపిస్తున్న స్వేచ్ఛ', పారిస్‌లో 1830 జులై తిరుగుబాటు మీద అదే ఏడాది వేసిన బొమ్మ. దాని మీద తెల్ల రంగుతో బ్రష్షు పెట్టి గోడ మీద నినాదం రాసినట్టు పేరు రాశారు. ఆలోచన బావుంది, విప్లవం బొమ్మ మీద గోడ రాతలు. ఆల్బమ్ పేరు మాత్రం మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో 1954లో వేసిన పుచ్చకాయల బొమ్మ నుంచి వచ్చింది, అంటే పేరు ఒక పెయింటింగ్‌ది, బొమ్మ ఇంకో పెయింటింగ్‌ది. సమస్య ఎక్కడంటే, అసలు బొమ్మ 260 × 325 సెంటీమీటర్లు, దాంట్లో పొగ, శవాలు, జెండా, తుపాకులు పట్టుకున్న పిల్లాడు, ఇన్ని ఉన్నాయి. అట్ట మీద అవన్నీ ఒక గోధుమ రంగు గుంపుగా మిగులుతాయి, రాతలు మాత్రం మెరుస్తాయి. అయినా ఒక తమాషా ఉంది. లూవ్ర్ వాళ్ళు ఆ పెయింటింగ్‌ని శుభ్రం చేసి, పసుపెక్కిన పాత వార్నిష్ పొరలు తీసేసి, 2024 మేలో మళ్ళీ గోడకెక్కించారు. ఇప్పుడు ఆకాశం నీలంగా, జెండా రంగులు తేటగా కనిపిస్తాయి. మీ దగ్గరున్న 2008 అట్ట మాత్రం ఆ పసుపు రోజుల్లోనే ఆగిపోయి ఉంటుంది, ఒకరకంగా అది పాత ఫోటో. ఆ కారణంతో కొంటానంటే నేను వద్దనను. కానీ ఇప్పటికే ప్రతి కాఫీ షాపు గోడ మీదా చూసినట్టు అనిపించే బొమ్మ కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి.

న్యూ ఆర్డర్ అట్ట దీనికి పూర్తిగా తిరగేసిన కేసు. 1983 ఆల్బమ్, ఫ్యాక్టరీ రికార్డ్స్, డిజైన్ పీటర్ సావిల్. ముందువైపు బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. ఉన్నదల్లా 1890లో వేసిన గులాబీల బుట్ట, లండన్ నేషనల్ గ్యాలరీ సొత్తు, దాని మీద కుడివైపు పైన చిన్న చిన్న రంగు గళ్ళు. ఆ గళ్ళే అక్షరాలు. వెనకవైపు ఒక రంగుల చక్రం ఉంటుంది, దాన్ని బట్టి లెక్క కట్టుకుని చదువుకోవాలి. సావిల్ మొదట అధికారం, అవినీతి, అబద్ధాలు అన్న ఆ పేరుకి తగ్గట్టు ఏ నల్లకోటు రాకుమారుడి బొమ్మో వెతుక్కుంటూ గ్యాలరీకి వెళ్ళాడట, అలాంటిది దొరక్క, ఈ గులాబీల పోస్ట్‌కార్డు కొనుక్కుని వస్తుంటే వెంట ఉన్న స్నేహితురాలు సరదాకి ఇదేనా కవర్ అందిందట. తర్వాత ఆలోచిస్తే పూలే సరైనవి అనిపించాయి అతనికి, మోసం ఎప్పుడూ అందంగానే వస్తుంది కదా. సింథసైజర్లతో నడిచే పాటలకి, ఫ్యాక్టరీ మెషీను మీద ఉండే రంగు గుర్తులకి, అమ్మమ్మ గదిలో ఉండాల్సిన గులాబీలకి మధ్య పొంతన లేకపోవడమే దాని బలం. 2010లో బ్రిటన్ పోస్టల్ శాఖ పేరున్న ఆల్బమ్ అట్టల మీద స్టాంపులు వేస్తే అందులో ఇది కూడా ఉంది, స్టాంపు సైజులో కూడా ఆ గులాబీలు గులాబీల్లానే ఉన్నాయి, అదే నేను చెప్పేది.

ఇంట్లో గొడవ రాని అట్ట కూడా ఇదొక్కటే. మా అత్తగారు వచ్చినప్పుడు "పూలు చక్కగా ఉన్నాయి, ఎక్కడ కొన్నారు" అన్నారు. నేను ఆల్బమ్ పేరు చెప్పలేదు.

ఫ్లీట్ ఫాక్సెస్ దగ్గర మాత్రం నా లెక్క నేనే తప్పాల్సి వచ్చింది. పీటర్ బ్రూగెల్ 1559లో వేసిన 'నెదర్లాండ్స్ సామెతలు', బెర్లిన్‌లో గెమెల్డెగ్యాలరీలో ఉంది, 117 × 163 సెంటీమీటర్లు, అంటే అట్ట మీద నాలుగో వంతు. పైగా గుంపు బొమ్మ, కిక్కిరిసిన ఊరు. నా సూత్రం ప్రకారం ఇది ఫెయిల్ అవ్వాలి. అవ్వదు, ఎందుకంటే ఇది ఒక్క బొమ్మ కాదు, వందకి పైగా చిన్న బొమ్మలు ఒకే ఊళ్ళో కాపురం పెట్టినట్టు ఉంటుంది. ఒక్కో మనిషి ఒక్కో సామెత ఆడుతుంటాడు. పక్కలు కోస్తే కొన్ని సామెతలు పోతాయి, మిగతావాటికి ఏమీ కాదు.

తెలుగువాళ్ళం ఈ బొమ్మని చూస్తే ఇంకో సరదా ఉంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. కవచం తొడుక్కున్న ఒకడు పిల్లి మెడలో గంట కడుతుంటాడు. మనం ఎవడు కడతాడు అని అడుగుతాం, బ్రూగెల్ ఊళ్ళో ఒకడు నిజంగానే పనిలోకి దిగాడు. ఇంకొకడు దూడ పడి చచ్చిపోయాక గుంట పూడుస్తుంటాడు, అది మన చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఒకడు పందుల ముందు పూలు చల్లుతుంటాడు, గాడిదకేం తెలుసు గంధం పొడి వాసన అని మనం అనేది అక్కడ పందుల మీద పడింది. ఒకడు ఇటుక గోడకి తల బాదుకుంటాడు, దీనికి సామెత చెప్పక్కర్లేదు, మా ఆఫీసుకి వస్తే చూపిస్తాను. పెద్ద చేప చిన్న చేపని మింగడం కూడా ఉంది. మధ్యలో ఎర్ర బట్టలు కట్టుకున్న ఒకావిడ మొగుడికి నీలం అంగీ కప్పుతుంటుంది, అంటే మోసం చేస్తోందని అక్కడి మాట. మా నాన్న ఈ అట్ట ముందు భూతద్దంతో అరగంట కూర్చున్నారు, పాటలు పెట్టమని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. దూరం నుంచి చూస్తే ప్రశాంతమైన పల్లెటూరు, దగ్గరికి వెళ్తే పిచ్చాసుపత్రి, ఆ ఆల్బమ్‌లో నలుగురైదుగురు గొంతు కలిపి పాడే నెమ్మది పాటలకి ఆ రెండు దూరాలూ నప్పుతాయి.

ఒక్క హెచ్చరిక, దీన్ని సోఫా వెనక ఎత్తులో పెట్టకండి. కళ్ళ ఎదురుగా, దగ్గరికి వెళ్ళగలిగే చోట పెట్టాలి, లేకపోతే డబ్బు దండగ. సీడీ కూడా వద్దు, పన్నెండు సెంటీమీటర్లలో అది చీమల పుట్ట.

వీజర్ 'పింకర్టన్' 1996. అట్ట మీద జపాన్ చిత్రకారుడు హిరోషిగే చెక్కముద్ర, అంటే చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన బొమ్మ, జపాన్‌లో తొకైదో అనే పాత దారిలోని యాభై మూడు మజిలీల వరసలోది, 1833-34 ప్రాంతం నాటి 'కంబరలో రాత్రి మంచు'. ఇక్కడ సైజు లెక్క ఇంకా బావుంటుంది, ఎందుకంటే ఈ ముద్రలు మొదట్నుంచీ చేతిలో పట్టుకుని చూడ్డానికి చేసినవే, సుమారు పాతిక సెంటీమీటర్ల ఎత్తు, ముప్పై ఏడు వెడల్పు, వేలకొద్దీ అచ్చేసి మామూలు జనానికి అమ్మినవి. అంటే ఎల్పీ అట్టకి అసలైన ముత్తాత లూవ్ర్‌లోని ఆయిల్ పెయింటింగ్ కాదు, ఇది. అచ్చు నుంచి అచ్చుకి వచ్చింది, కుదింపు లేనట్టే. ఇంకా, కంబర వెచ్చటి సముద్ర తీరం, అంత మంచు అక్కడ కురవదంటారు, హిరోషిగే ఊహించి వేసిన మంచు అది. ఆల్బమ్ పేరేమో పుచ్చీని ఒపెరా 'మదామ్ బటర్‌ఫ్లై'లో జపాన్ అమ్మాయిని పెళ్ళాడి వదిలేసి పోయే అమెరికన్ నౌకాదళ అధికారిది. జపాన్‌ని తనకి నచ్చినట్టు ఊహించుకుని, తర్వాత అందులోంచి జారుకునే మగవాడి కథకి, ఎవరూ చూడని మంచు. కావాలని చేశారో, కలిసొచ్చిందో గానీ నాకు ఇందులో ఇదే ఎక్కువ నచ్చింది. వచ్చినప్పుడు ఈ ఆల్బమ్‌ని జనం పెద్దగా పట్టించుకోలేదు, తర్వాతే నెత్తిన పెట్టుకున్నారు.

బొమ్మ నల్లగా, బూడిదగా ఉంటుంది కాబట్టి ముదురు రంగు గోడ మీద కనబడదు. తెల్ల గోడ, సన్నటి నల్ల ఫ్రేము.

భయంకరమైనవి కావాలా, ఉన్నాయి. బ్లాక్ సబాత్ 1977 'గ్రేటెస్ట్ హిట్స్' మీద బ్రూగెల్ 'మృత్యువు విజయం', అస్థిపంజరాల సైన్యం. మా అమ్మ చూసి "ఇంట్లో ఇదేంట్రా, శ్రాద్ధం బొమ్మలా" అంది, రెండో రోజే దిగిపోయింది. డీప్ పర్పుల్ 1969లో తెచ్చిన మూడో ఆల్బమ్ మీద పాతకాలం చిత్రకారుడు బాష్ వేసిన 'భోగాల తోట'లోని నరకం ముక్క. అసలు బొమ్మ మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియంలో రంగుల్లో భగభగలాడుతుంటుంది, అట్ట మాత్రం అచ్చులో పొరపాటు జరిగి నలుపు తెలుపుల్లో వచ్చింది, బ్యాండ్ వాళ్ళు అలాగే ఉంచేశారు. నా ఉద్దేశంలో ఆ పొరపాటే దాన్ని కాపాడింది, రంగుల్లో అయితే కళ్ళు తిరిగేవి. బాష్ అంటే ఇష్టం, కానీ ఇంట్లో చిన్నపిల్లలున్నారంటే డెడ్ కెన్ డాన్స్ 1990 ఆల్బమ్ 'ఏయాన్' చూడండి, అదే తోటలోంచి ఒక్క చిన్న ముక్క తీశారు, కలలాంటిది. బాథరీ 'బ్లడ్ ఫైర్ డెత్' 1988, నార్వే చిత్రకారుడు ఆర్బో 1872లో వేసిన ఆకాశంలో గుర్రాల వేట. మెటల్ వినేవాళ్ళకి దాన్ని నేను అమ్మక్కర్లేదు, ఇప్పటికే వాళ్ళ టీషర్టు మీద ఉంటుంది.

ముక్క కోసి గెలిచిన అట్టకి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కాన్సస్ బ్యాండ్ 1974 మొదటి ఆల్బమ్. అమెరికాలో టొపీకా ఊళ్ళో కాన్సస్ రాష్ట్ర కాపిటల్ భవనం గోడ మీద జాన్ స్టూవర్ట్ కర్రీ వేసిన కుడ్యచిత్రం ఉంది, ముప్పై ఒక్క అడుగుల వెడల్పు. బానిసత్వం మీద తిరగబడ్డ జాన్ బ్రౌన్ ఒక చేతిలో బైబిల్, ఒక చేతిలో తుపాకి పట్టుకుని గడ్డం ఎగురుతూ అరుస్తుంటాడు, వెనక సుడిగాలి, కార్చిచ్చు. అట్టకి వాళ్ళు జాన్ బ్రౌన్‌నే పట్టుకున్నారు. బ్యాండ్ కూడా ఆ ఊరిదే, అంటే మన ఊరి మునిసిపాలిటీ గోడ బొమ్మని మన ఆల్బమ్‌కి పెట్టుకున్నట్టు. దూరం నుంచి కూడా ఆ ముఖం గది దాటి వినబడుతుంది. వయొలిన్ ఉన్న పొడుగాటి రాక్ పాటలు మీకు పడితే ఇది నా నాలుగో సలహా, పైగా సెకండ్ హ్యాండ్‌లో దొరకడం మరీ కష్టం కాదు.

పోగ్స్ వాళ్ళ 1985 అట్ట మీద పైన చెప్పిన మెడూసా తెప్పే ఉంది, తెప్ప మీద మనుషుల ముఖాల బదులు బ్యాండ్ వాళ్ళ ముఖాలు పెట్టారు. 1816లో మెడూసా అనే ఓడ ఇసుక మేటలో కూరుకుపోయాక ఆ తెప్ప ఎక్కిన సుమారు 147 మందిలో పదమూడు రోజుల తర్వాత మిగిలింది పదిహేను మంది. తాగి ఓడిపోయిన నావికుల పాటలకి అంతకంటే తగిన తెప్ప లేదు, జోకు కూడా పండింది, కానీ ముఖాలు చూడాలంటే ముక్కు అట్టకి ఆనించాలి. వినడానికి కొనండి, తగిలించడానికి వద్దు. స్మాషింగ్ పంప్‌కిన్స్ 'మెలన్ కోలీ' 1995 ఇంకో రకం, ఒంటికి రఫాయెల్ వేసిన సెయింట్ క్యాథరిన్, ముఖానికి గ్రూజ్ వేసిన అమ్మాయి, రెండూ కత్తిరించి జాన్ క్రెయిగ్ ఒక నక్షత్రంలో నిలబెట్టాడు. చక్కటి బొమ్మ, కాకపోతే ఆ ఆల్బమ్ ఎల్పీ పెట్టె ఖరీదు చూసుకోండి. సోనిక్ యూత్ 'డేడ్రీమ్ నేషన్' మీద జర్మన్ చిత్రకారుడు రిక్టర్ 1983లో వేసిన కొవ్వొత్తి. నేను ఆరాధించే అట్ట, కానీ మా బాబాయి "కరెంటు పోయినప్పుడు తీసిన ఫోటోనా" అన్నాక నాకూ అలాగే కనిపిస్తోంది. జెఫ్ బెక్ గ్రూప్ 1969 'బెక్-ఓలా' మీద గది నిండా ఇరుక్కుపోయిన ఆకుపచ్చ ఆపిల్, బెల్జియం చిత్రకారుడు మాగ్రిట్‌ది. ఆ బొమ్మ 1952 నాటి ప్రతి హ్యూస్టన్‌లో మెనిల్ కలెక్షన్ మ్యూజియం వాళ్ళది, అక్కడ టికెట్ కొనక్కర్లేదు, హ్యూస్టన్ తెలుగువాళ్ళు ఒక ఆదివారం వెళ్ళొచ్చి ఆ తర్వాతే అట్ట కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.

మన ఇళ్ళకి సంబంధించి ఒక మాట. జిమి హెండ్రిక్స్ 1967 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' అట్ట మన క్యాలెండరు బొమ్మే, విష్ణుమూర్తి విశ్వరూపం, అందులో తలల మధ్య హెండ్రిక్స్, ఇద్దరు బ్యాండ్ వాళ్ళ తలలు ఇరికించారు. హెండ్రిక్స్‌కే అది నచ్చలేదు, తన మూలాల్లో ఉన్న అమెరికన్ ఇండియన్ రక్తాన్ని చూపించి ఉంటే సరిపోయేదన్నాడు. ఇండియన్ అంటే ఏ ఇండియనో అడక్కుండా పని కానిచ్చారన్నమాట. ఏరోస్మిత్ 1997 'నైన్ లైవ్స్' అయితే ఇంకా ముందుకెళ్ళి కాళింగుడి మీద నాట్యమాడే కృష్ణుడికి పిల్లి తల పెట్టింది, హిందువులు అభ్యంతరం చెప్పాక అట్ట మార్చారు. పాత అట్టతో ఉన్నవి ఇప్పటికీ అక్కడక్కడా అమ్మకానికి కనిపిస్తాయి. హెండ్రిక్స్ పాటలు నాకు ప్రాణం, రికార్డు కూడా ఉంది, కానీ అది అల్మారాలోనే. పక్కనే నిజమైన దేవుడి క్యాలెండరు ఉన్న గోడ మీద దాన్ని పెట్టి వచ్చినవాళ్ళందరికీ వివరణ ఇచ్చుకునే ఓపిక నాకు లేదు. మీకుంటే పెట్టుకోండి.

బొమ్మ మాత్రమే కావాలి, పాటలతో పని లేదు అనేవాళ్ళు అసలు ఎల్పీయే కొనొద్దు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ లాంటివి కాపీరైట్ తీరిన బొమ్మల ఫైళ్ళు పెద్ద సైజులో ఉచితంగా దించుకోనిస్తాయి. ఉదాహరణకి క్యాండిల్‌మాస్ 1987 'నైట్‌ఫాల్' మీద ఉన్న థామస్ కోల్ బొమ్మ, 'జీవనయాత్ర' వరసలో వృద్ధాప్యం, వాషింగ్టన్ గ్యాలరీదే, మంచి ప్రింటింగ్ షాపులో రెండడుగుల సైజులో వేయించుకుంటే ఎల్పీ కంటే బావుంటుంది. కానీ న్యూ ఆర్డర్‌కి ఈ పని చేస్తే రంగు గళ్ళు పోయి ఉత్త గులాబీలు మిగులుతాయి, అప్పుడు అది నిజంగానే అమ్మమ్మ గది.

ఎవరైనా బ్యాండ్ పిల్లలు చదువుతుంటే, మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. మన చట్టంలో కాపీరైటు చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళే, అంటే అది ఎప్పుడో తీరిపోయింది. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీలోనే ఉన్నాయి, వెళ్ళి చూడండి, మీ ఆల్బమ్ అట్ట మీద వాడుకోవాలనిపిస్తే గ్యాలరీ వాళ్ళని మర్యాదగా అడగండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి: సెకండ్ హ్యాండ్ అట్టల మీద లోపలి రికార్డు గుండ్రంగా ఒత్తుకుని తెల్లటి వలయం పడుతుంది, ముదురు బొమ్మల మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే 'పింకర్టన్', బాష్ లాంటివి పాతవి కొనేముందు వెలుతురులో అటూ ఇటూ తిప్పిన వీడియో అడగండి. నేను అడక్కుండా ఒకసారి కొని, ఇంటికొచ్చాక నరకం మధ్యలో పౌర్ణమి చంద్రుణ్ణి చూశాను. కొత్తగా అచ్చేసిన వాటిల్లో కొన్ని రంగులు మరీ చిక్కగా ఉంటాయి, షాపులో ఉంటే తెరిచి చూపించమనండి. రికార్డుని అట్టలో ఉంచి ఫ్రేము కట్టకండి, బరువుకి వంగుతుంది, రికార్డు వేరే తెల్ల కవరులో పెట్టి అల్మారాలో నిలువుగా ఉంచండి. పడమటి ఎండ పడే గోడ వద్దు, మన వేసవికి రెండేళ్ళలో గులాబీలు పాలిపోతాయి. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్ళు ఫ్రేము వెనక గోడకి కాస్త గాలి ఆడేలా చిన్న రబ్బరు ముక్కలు అంటించండి, లేకపోతే మొదటి వానాకాలానికే బూజు. మా మేకు మీద ప్రస్తుతానికి గులాబీలే ఉన్నాయి, దసరాకి నాన్న వస్తున్నారు కాబట్టి వారం ముందు సామెతలు ఎక్కించాలి, భూతద్దం ఎక్కడ పెట్టానో వెతకాలి.